వాపసు తీసుకునే నిబంధన

సరోజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను! ఇంటింటికీ తిరిగి సబ్బులు, క్రీములు అమ్మే మనలాంటివాళ్లకు ప్రభుత్వం వాళ్లు కొత్త నిబంధనలు తెస్తారట. అభిప్రాయాలు చెప్పమని ఏ.ఎస్. రావు నగర్‌లో మీటింగు పెట్టారు. కొన్నవాళ్లకు నచ్చకపోతే మనం సరుకు వాపసు తీసుకోవాలని ఆఫీసరు చదవగానే అందరూ గోలపెట్టారు. నాకు నీ మంచం కింద మిగిలిపోయిన డబ్బాలు గుర్తొచ్చాయి. లేచి నిలబడ్డాను.

"మా అక్క ఎవరు వాపస్ ఇచ్చినా తీసుకునేది సార్. అమ్ముడుపోని సరుకు కంపెనోళ్లు మాత్రం ఒక్క డబ్బా సుత వాపస్ తీసుకోలే. అది గూడ రాయుండ్రి!"

హాలంతా చప్పట్లు! ఆఫీసరు పెన్ను తీసి, "మంచిగ చెప్పినవమ్మా, రాసుకుంటున్న. పేరేంది?" అన్నాడు.

నీ పేరే చెప్పానక్కా.