మంచినీళ్ళ కుండ కింది పెట్టె

నడిమిపుట్టుగ జంక్షను,
తేది: 14-7-2005.

డివిజను పోలీసు అధికారి వారి సముఖమునకు, పెళ్ళి వీడియోల మిక్సింగు సెంటరు యజమాని లోకనాథం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా షాపులో పోయిన కంప్యూటరు దొరికినదని కేసు ముగించుట గురించి, అది పూర్తిగా దొరకలేదని, అసలైనది మా పోలీసు స్టేషనులోనే ఉన్నదని, దాని మీద నీళ్ళ కుండ ఉన్నదని.

1. నేను పెళ్ళిళ్ళు వీడియో తీసి, కంప్యూటరులో మిక్సింగు చేసి, సీడీలు ఇచ్చి జీవించుచున్నాను. గత నెలలో నా షాపు తాళము పగులగొట్టబడి కంప్యూటరు అపహరింపబడినది. ఫిర్యాదులో తెర, పెట్టె (సీపీయూ), కీబోర్డు అని విడివిడిగా రాయబోగా స్టేషను రైటరు గారు "ఒక్క వస్తువుని ఇన్ని ముక్కలు సేత్తావేటి? కంప్యూటరు ఒకటి అని రాయి" అన్నారు. అటులే రాసితిని. నా ఖర్మ అక్కడే మొదలైనది.

2. తదుపరి ఇచ్ఛాపురం రైల్వేస్టేషనులో దొంగ గోనెసంచితో సహా పట్టుబడెను. సంచిలో తెర ఒక్కటే ఉన్నది. రెండూ మోయలేక అసలు పెట్టెను దారిలో జీడితోటలో పారేశాడట. తెరే కంప్యూటరని వాడి నమ్మకం. ఈ విషయములో దొంగకూ మా స్టేషనుకూ అభిప్రాయభేదము లేదు. మర్నాడు పేపరులో ఎస్సై గారు, నా తెర, వెనకాల దొంగ, ముగ్గురూ ఫోటో దిగారు. కింద "కంప్యూటరు స్వాధీనం" అని వేశారు. కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని, సంతకం చేసి, ఆ తెరను ఇంటికి తెచ్చుకున్నాను. ప్రస్తుతం దాన్ని అద్దంలా వాడుకుంటున్నాను. మరి దేనికీ పనికిరాదు.

3. తమరికి తెలియదని కాదు గానీ, తెర వేరు, పెట్టె వేరు. టీవీలో వార్తలు చదివే ఆయన టీవీలో కాపురం ఉండడు.

4. పారేసిన పెట్టె దాలయ్య అనే రైతుకు తన జీడితోటలో దొరికినది. తీగలున్న ఇనుప పెట్టె ఉద్దానం తోటలో కనబడితే ఈ రోజుల్లో ఎవరైనా ఏమనుకుంటారో తమరికి నేను చెప్పనక్కరలేదు. "పేలిపోద్దేమో అని పేణాలు అరసేత్తో అట్టుకుని టేసనుకొచ్చి సెప్పినాను బాబూ" అని ఆయన నాతో అన్నాడు. ఇసుక బస్తాలు పేర్చి, రోడ్డు మూసి, ఊరందరినీ దూరంగా నిలబెట్టి పరీక్ష చేయించారు. పేలలేదు. అంతట "ప్రమాదము లేని ఇనుప పెట్టె, లోపల తీగలు, యజమాని తెలియదు" అని చీటీ అంటించి స్టేషను వరండాలో ఒక మూల పెట్టారు. పేలని వస్తువుతో పోలీసులకేం పని? మంచినీళ్ళ కుండకు మాత్రం సరిపోయే ఎత్తు కుదిరింది.

5. తెర కోసం వెళ్ళినప్పుడు నా పెట్టెను నా కళ్ళతో చూసితిని. ముందు భాగాన నేను అంటించిన లక్ష్మీదేవి స్టిక్కరు కూడా ఉంది. అది నాదేనని రైటరు గారికి విన్నవించుకొనగా జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు:

"నువ్వేటని రాసిచ్చినావు? కంప్యూటరు ఒకటి పోనాదని. ఒకటి దొరికింది, ఇచ్చీసినాం. మల్లీ దీన్ని కూడా ఇత్తే రెండైపోవా? ఆ రెండోది ఎక్కడిదని కోర్టులో ఏటి సెప్పమంటావు?"

"పోనీ తెర మీరే ఉంచీసుకోండి, ఈ పెట్టె ఇప్పించండి."

"సంతకం ఎట్టీసినావు కదా. మూసిన కేసుని ఎవుడు తెరుత్తాడు? ఇది నాదే అని ఇంకోసారి అన్నావంటే, తోటలో ఎందుకెట్టినావని నిన్నే అడగాలొత్తాది. వేలం వేత్తారు, అప్పుడొచ్చి పాడుకో. పాత ఇనపకొట్టోడు కూడా వత్తాడు మరి."

కనీసం కుండ దించమన్నాను. "ఎండల్లో అందరూ తాగే నీలు" అన్నారు. కుండ కారుతోంది అయ్యా. అడుగున తడి గుడ్డ చుట్టారు, చల్లగా ఉంటుందని. ఆ తడి మెల్లగా పెట్టె మీదికి దిగుతోంది. లోపలికి ఒక్క చుక్క చేరినా ఇక తమరూ నేనూ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

6. పెట్టెలో ఏమున్నదని తమరు అడగవచ్చును. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పెళ్ళి తీసిన క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించుకుని, అదే క్యాసెట్టు మీద తర్వాతి పెళ్ళి తీస్తాం. ఈ లైనులో అందరూ చేసేదే. కనుక ఈ వైశాఖంలో నేను తీసిన పెళ్ళిళ్ళన్నీ ఆ పెట్టెలో తప్ప మరెక్కడా లేవు. తక్కిన పెళ్ళివారు వచ్చి తిట్టి పోతున్నారు. తిట్లు పడతాను. ఎదుటపడలేనిది కామేశ్వరమ్మ గారికే.

ఆమె భర్త గున్నయ్య గారికి కిడ్నీలు పోయాయి. మా వైపు అది ఇంటింటి మాట. తాను ఉండగానే కూతురు లావణ్య పెళ్ళి చేయాలని ముహూర్తం ముందుకు జరిపించుకున్నాడు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని, "బాబూ, పెళ్ళి తరవాత తీద్దువు గానీ, ముందు నన్ను తియ్యి. నిలబడ్డప్పుడే తియ్యి. కూకున్నాక బాగోదు" అన్నాడు. పందిరి రాట పట్టుకుని నిలబడి, కెమెరా వంక చూసి, భార్య పేరు పెట్టి పిలిచి నాలుగు మాటలు చెప్పాడు. ఆ మాటలు నేను విన్నాను. ఆమె వినలేదు. వాటిని తమరికి రాయను, అవి తమరివి కావు.

నెల తిరక్కుండా ఆయన పోయాడు. ఇంట్లో రేషను కార్డు మీది ఫోటో తప్ప ఇంకేం లేదు. ఆమె రోజూ ఆటోలో వచ్చి నా షాపులో స్టూలు మీద కూర్చుంటుంది. తిట్టదు. "ఏటైనా తెలిసిందా బాబూ" అంటుంది, అంతే. ఆ ఒక్క మాట తప్పించుకోవడానికి మధ్యాహ్నం అన్నానికి కూడా వెనక గుమ్మం లోంచి పోతున్నాను. నాకు సిగ్గుగా ఉంది. సిగ్గుపడాల్సింది నేను కాదని తెలిసీ సిగ్గుగా ఉంది.

7. కావున వేలము నిలిపి, సదరు పెట్టెను నాకు ఇప్పించవలసినదిగా ప్రార్థన. రెండు కంప్యూటర్ల భయమే అడ్డమైతే నాకు కంప్యూటరు వద్దు, ఇనుప పెట్టె అనే రాసి ఇవ్వండి. ఎలా రాసినా సంతకం చేస్తాను.

తీరిక చేసుకుని ఇది చిత్తగించవలెను. చిత్తగించే తీరిక లేనిచో కుండనైనా దించవలెను.

ఇంకా ఈ క్షణం వరకు,
తమ విధేయుడు,
లోకనాథం.

తా.క.: ఇది పోస్టు చేయబోతుండగా స్టేషను పక్క టీకొట్టు చిన్నారావు వచ్చి చెప్పాడు. కుండ కింది పెట్టె సంగతి నిన్న తానే కామేశ్వరమ్మ గారికి చెప్పాడట. ఈ రోజు ఆమె నా షాపుకు రాలేదు. తిన్నగా స్టేషనుకు వెళ్ళి, ఎవరినీ అడక్కుండా కుండ దించి కింద పెట్టి, పెట్టెను కొంగుతో తుడిచి, దాని పక్కనే చతికిలబడింది. "ఎవులమ్మా నువ్వు? దాన్ని ముట్టుకోకు" అని రైటరు గారు గదమాయిస్తే, "మా ఇంటాయన ఇందులో ఉన్నాడు బాబూ. నీలు పడకూడదు" అన్నదట. లేవమంటే లేవడం లేదు. వాన మొదలైంది, వరండాలోకి జల్లు కొడుతోంది, ఆమె తన గొడుగు పెట్టె మీద పట్టుకుని కూర్చుందట.

యజమాని తెలియదని చీటీ అంటించారు కదా. అక్కడే కూర్చుని ఉంది, వచ్చి అడగండి.