ఏడో బల్ల ఫారం

మార్చి 4
జైలు ఆఫీసులో ఒక ఫారం చేతిలో పెట్టారు. మా వడ్రంగం షెడ్డులో ఏడో బల్ల దగ్గర పనిచేసే ఖైదీని విడుదల చెయ్యవచ్చా అని, పని నేర్పే మాస్టారుగా నా అభిప్రాయం కావాలట. "వదలవచ్చు", "వదలకూడదు". రెండే గడులు. ఇరవయ్యో తేదీ గడువు.

మూడుసార్లు లోపలికి వచ్చినవాడు. మూడుసార్లూ మనిషిని చావగొట్టే వచ్చాడు. చివరిసారి ఒక వాచ్‌మన్‌కి కన్ను పోయింది. నా దగ్గర మాత్రం నాలుగేళ్లుగా తలెత్తి మాట్లాడింది లేదు. అతను చేసిన సొరుగు వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా మూసుకుంటుంది. ఈ ఇద్దరిలో అసలు మనిషెవరు? తెలుసుకోవాలని ఉంది.

మార్చి 5
మా ఆవిడని అడిగాను. కుక్క తోక వంకర అంది. వాచ్‌మన్ పెళ్లాన్ని అడిగి, అప్పుడు టిక్కు పెట్టమంది.

మార్చి 9
సాయంత్రం పనిముట్ల కౌంట్‌లో ఒక ఉలి తక్కువ. గోడ మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీసి ఉంటుంది. ఒక్క గీత ఖాళీగా కనిపించినా ఎవరూ కదలకూడదు. రెండు గంటలు వెతికారు. ఎవరి మీదైనా అనుమానమా అని సూపరింటెండెంట్ అడిగాడు. నేను ఏడో బల్ల వైపు చూశానంతే. అది చాలింది. అతన్ని ఒంటరి సెల్‌లో వేశారు. షెడ్డు మూసేశారు.

మార్చి 12
ఉలి నా సంచిలో ఉంది! టిఫిన్ డబ్బా అడుగున. గేటు దగ్గర నా సంచి ఎవరూ చూడరు, మాస్టారిని కదా. కొలత టేపు ఇదివరకే రెండుసార్లు ఇలా ఇంటికొచ్చింది. అంటే నాదీ మూడోసారే.

మార్చి 13
వెళ్లి ఒప్పుకున్నాను. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. అతన్ని బయటికి తెచ్చారు. క్షమించమన్నాను. ఉలి పదును పోలేదు కదా అని అడిగాడు.

నా మీద కోపం రాలేదా అన్నాను. తన గొడవ కోపంతో కాదట, నిద్రతోనట. మూడుసార్లూ కొట్లాటకి ముందు నిద్ర పట్టడం మానేసిందట. నాలుగో రోజుకి చేతులు తనవి కావన్నట్టు ఉంటాయట. లోపల పొద్దునా సాయంత్రమూ ఎవరో ఒకరు లెక్కపెడతారు కాబట్టి హాయిగా పడుకుంటాడట. ఒంటరి సెల్‌లో కూడా గుర్రుపెట్టి నిద్రపోయాడట.

బయటికెళ్తే మళ్లీ చేస్తావా అని అడిగేశాను. తెలీదన్నాడు. మిగతా ఖైదీలందరూ "చచ్చినా చెయ్యం" అంటారు. మరి నిద్ర సంగతి కోర్టులో ఎందుకు చెప్పలేదయ్యా అంటే, ఎవరూ అడగలేదట.

మార్చి 18
అతన్ని జైలు డాక్టరుకి చూపించాను. మాత్రలు రాశాడు. బయట ఏ ఆసుపత్రికి వెళ్లాలో చీటీ ఇచ్చాడు.

మార్చి 20
భయమేస్తోంది. నా లెక్క తప్పితే ఇంకొకరి కన్ను పోతుంది. "వదలవచ్చు" గడిలో టిక్కు పెట్టాను. నిద్ర సంగతంతా కింద రాశాను. నా ఫోన్ నంబరు అతనికిచ్చి, రెండో రాత్రి కూడా కన్ను మూతపడకపోతే చెయ్యమన్నాను. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

జూన్ 2
వదిలేశారు.

జూన్ 30, ఉదయం 6
ఫోన్ చేశాడు. నిద్రపట్టక మూడు రాత్రులైందట. బస్‌స్టాండులో గోడకి ఆనుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్లమంటున్నాడు. చొక్కా వేసుకుంటున్నాను. మా ఆవిడ తనూ వస్తానంది.