క్యాచర్ చెప్పాల్సిన మాట

మనురేవా, ఆక్లాండ్
ఆదివారం

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ బావా పిల్లలూ క్షేమమని తలుస్తానని రాయాలి కదా, అమ్మమ్మకు జాబు రాసినప్పుడల్లా నాన్న మన చేత మొదట అదే రాయించేవాడు. ఈసారి ఆ రెండో సగం రాయబోయి ఆగిపోయాను. పోయిన వారం బావ ఫోనులో నోరు జారాడు. నిన్ను బెంగళూరు ఆస్పత్రికి తీసుకెళ్లి వచ్చాడట, ఇంకా ఏవో రిపోర్టులు రావాలట. ఏం రిపోర్టులని అడిగేసరికి గతుక్కుమని ఫోను నీ చేతికిచ్చాడు. నువ్వేమన్నావు? "ఏమీ లేదు మే, బాగుండాను. వయసు మీద పడతాండాది, అంతే," అన్నావు. ఆ వెంటనే ఇక్కడి చలి గురించి అడిగావు, చిన్ని చదువు గురించి అడిగావు, పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేశావు.

ఫోనులో మనిద్దరం ఇంతే. ఒకరు బాగున్నామంటే ఇంకొకరు బాగున్నామంటాం. అందుకే కాగితం తీసుకున్నాను. దీన్ని నువ్వు మధ్యలో ఆపలేవు, మాట మార్చలేవు. అడగాల్సింది చివర్లో అడుగుతాను. ముందు ఈ కొన్ని నెలల్లో ఇక్కడ జరిగింది చెప్పాలి.

ఇక్కడ ఎండాకాలం పోయింది. పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం గాలి. గొడుగు పట్టుకుంటే తిరగబడుతుంది, పట్టుకోకపోతే తడుస్తాం. మెడికల్ షాపులో నా పని మామూలే. మీ మరిదికి ఆఫీసు కంటే మోటార్‌వే మీదే ఎక్కువ సేపు గడుస్తుంది. చిన్ని తెలుగు అర్థం చేసుకుంటుంది గాని జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. తిండికి లోటు లేదు, దిగులుపడకు. హెండర్సన్‌లో మన సరుకుల షాపు ఉంది, అక్కడ బొరుగులు దొరికిన రోజు ఇంట్లో ఉగ్గాని, బజ్జి. ఒక్కదాన్నే తింటూ ధర్మవరం గుర్తు చేసుకుంటాను, మిగతా ఇద్దరూ బ్రెడ్డు తింటారు.

మెరె ఆంటీ గురించి నీకు ఫోనులో చెప్పాను. మా వీధి చివర ఉంటుంది, ఈ దేశపు మూలవాసి, మావోరీ ఆవిడ. చాలా ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో పార్కులో ఆవిడ సాఫ్ట్‌బాల్ వేయడం చూసి నిలబడిపోయాను. చేతిని గుండ్రంగా తిప్పి, తుంటి పక్కనుంచి వదలడం, అచ్చం నువ్వే. మన హైస్కూలు గ్రౌండు, బంతి వేసే పిచ్చర్ నువ్వు, నీ ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టే క్యాచర్ నేను, అంతా ఒక్కసారి కళ్లముందుకొచ్చింది. ఏడుపొచ్చింది కూడా. ఆవిడ చూసి, "పట్టగలవా?" అంది. గ్లౌ ఇచ్చింది. ఆ రోజు నుంచి నేను ఆవిడ క్యాచర్‌ని. ఆంటీ అని పిలుస్తానంటే నవ్వింది, వాళ్లలోనూ పెద్దవాళ్లను అలాగే పిలుస్తారట.

మాది పెద్ద లీగు కాదు. పైవాళ్లకు పేపర్లో పేర్లు పడతాయి, లెక్కలు వేసి అవార్డులిస్తారు. మా కింది గ్రేడులో అవేమీ లేవు. ఉన్నదల్లా ఏడాదికొకసారి ఇచ్చే పిచ్చర్ కప్పు. అది ఎవరికివ్వాలో అంపైర్లు చెప్పరు, క్లబ్బు పెద్దలు చెప్పరు. సీజను చివర అందరూ హాల్లో కూర్చుంటే ఒక్కో జట్టు క్యాచర్ లేచి ఒక పేరు చెబుతుంది. సొంత జట్టు పిచ్చర్‌నే చెప్పొచ్చు, ఎదుటి జట్టామెనూ చెప్పొచ్చు. బంతి సంగతి పట్టేవాళ్ల అరచేతికి తెలుస్తుందని వాళ్ల నమ్మకం. నీకది వింతగా ఉండదనుకుంటాను. ఎక్కువమంది చెప్పిన పేరుకు కప్పు, ఏడాదంతా వాళ్లింట్లో ఉంటుంది. మెరె ఆంటీ ఇంట్లో అది టీవీ పక్కన కాపురమే పెట్టింది.

ఈ సీజను మొదట్లో ఆవిడ నన్ను పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టింది. నరాల జబ్బని డాక్టరు చెప్పాడట. వేళ్లకు స్పర్శ తగ్గిపోతోంది, దూరం చూపూ మసకబారింది. బస్సు అప్పటికే మానేసింది. "బంతి చేతిలోంచి ఎలా వదిలిందో నాకు తెలియడం లేదు," అంది. "ఇక నుంచి నీ గ్లౌకే తెలుస్తుంది. వేసిన ప్రతిసారీ ఎలా పడిందో చెప్పు. పనికిరాకుండా పోయిన రోజు అదీ చెప్పు. ఆ రోజు దిగిపోతాను. ఇంకెవర్నీ అడగను."

సరేనన్నాను.

తర్వాత నేనేం చేశానో నీకు చెప్పనక్కర్లేదు, నువ్వూ అదే చేసేదానివి. మొదట బాగానే పడేవి. క్రిస్మస్ దాటాక బంతిలో బిగి పోయింది. కొన్ని నేలకు తగిలేవి, కొన్ని పక్కకు పోయేవి. నేను పక్కకు దూకి పట్టుకుని, గ్లౌ మధ్యకు లాగి, "బాగుంది ఆంటీ," అనేదాన్ని. పెద్దావిడ, పైగా జబ్బు మనిషి, ముఖం మీద ఎలా అంటాను? మనింట్లో అలా అనడం ఎవరు నేర్పారు? ఆవిడ నా వైపు చూసి తలూపి మళ్లీ వేసేది. ఆ తలూపడంలో ఎంత నమ్మకం ఉండేదో నాకప్పుడు పట్టలేదు.

హెండర్సన్ జట్టులో సీనా అని సమోవా అమ్మాయి ఉంది. ఈ ఏడాది ఆ పిల్ల బంతిని మావాళ్లు బ్యాటుతో తాకలేకపోయారు. గ్రేడులో ఆమెను మించిన పిచ్చర్ లేదు. అది అందరికీ తెలుసు.

కప్పు ఇచ్చే రోజు ఉగాది దగ్గర్లో పడింది. నేను ఓళిగలు చేసుకుని వెళ్లాను. బయల్దేరుతుంటే మీ మరిది, "ఆవిడ పేరే చెప్పు. ఒక్క మాటతో మన సొమ్మేం పోతుంది? పాపం, ఇంకెన్నాళ్లు ఆడుతుంది," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఎవరూ అడక్కపోయినా దారి పొడుగునా ఆ పేరే మనసులో అనుకుంటూ వెళ్లాను.

క్యాచర్లు ఒక్కొక్కరే లేచారు. కొందరు సీనా అన్నారు. కొందరు మెరె అన్నారు, అంటూ కళ్లు తుడుచుకున్నారు. పోయినేడు గెలిచిన జట్టు క్యాచర్ చివర చెప్పాలి, అంటే నేను. నా వంతు వచ్చేసరికి ఇద్దరికీ సమానంగా వచ్చాయి. లేవబోతుంటే పక్కనే కూర్చున్న ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "వీళ్లది ప్రేమ. నాకు తెలుసు," అంది మెల్లగా. "నా బంతి పట్టింది నువ్వు. నువ్వేది చెబితే అదే నిజమనుకుంటాను."

అక్కా, అప్పుడే నాకొకటి తోచింది. అక్కడ నేను ఆవిడ పేరు చెబితే, ఇంకా వేయగలననే నమ్మి వచ్చే ఏడు కూడా ఆ గ్రౌండులో నిలబడుతుంది. నేల మీద దొర్లే బంతులు వేస్తుంది. జనం నవ్వు ఆపుకుంటూ చప్పట్లు కొడతారు. ఆ పక్కన సీనా వాళ్లమ్మ కూతురి కోసం తన షాపు మూసుకుని వచ్చి కూర్చుని ఉంది. నేను సీనా పేరు చెప్పాను. గొంతు నాకే వినిపించలేదు, రెండోసారి చెప్పమన్నారు. రెండోసారీ అదే చెప్పాను.

పోయినేటి విజేతే కప్పు అందించాలి. ఆంటీ లేచి, వాళ్ల పద్ధతిలో ఆ పిల్ల ముక్కుకు ముక్కు ఆనించి, కప్పు చేతిలో పెట్టింది. ఆ తర్వాత నా వైపు చూడకుండా కోటు తీసుకుని వెళ్లిపోయింది. నా ఓళిగలు ఎవరూ ముట్టుకోలేదు. కార్లో చిన్ని ఒక్కతే, "బట్ అమ్మా, సీనా వాజ్ బెటర్, రైట్?" అంది. మీ మరిది రేడియో పెట్టాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

వారాల తరబడి ఆంటీ తలుపు తీయలేదు. ఫోను ఎత్తలేదు. క్లబ్బు ఆడవాళ్లు షాపుకొస్తే వేరే కౌంటరుకు వెళ్లేవాళ్లు. ఈ దేశంలో ఇంటి బయట నాకున్న ఒక్క మనిషినీ నా నోటితోనే పోగొట్టుకున్నాననుకున్నాను. రాత్రిళ్లు కూర చేదుగా ఉన్నట్టుండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే బావ నోరు జారడం, నువ్వు బాగుండాను అనడం. రెండు బెంగలూ కలిసిపోయి, ఏది ఎవరి గురించో తెలియకుండా ఏడ్చాను.

నిన్న శనివారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే ఆంటీ. చేతిలో బంతి. "గ్లౌ తీసుకో," అంది, అంతే.

పార్కులో ఎవరూ లేరు, గడ్డి తడిగా ఉంది. ఆవిడ బంతి వేయకుండా చాలాసేపు చేతిలో తిప్పుతూ నిలబడింది. నేను క్షమించమని అడగబోయాను.

"నువ్వు సీనా పేరు చెప్పడం సరైనదే," అంది. "నేనైనా అదే చెబుదును. నా కోపం కప్పు గురించి అనుకున్నావా?"

"మరి?"

"ఏడాదంతా బాగుంది, బాగుంది అన్నావు. వాటిలో కొన్నయినా నిజంగా బాగుండి ఉంటాయి కదా. ఏవో నాకిప్పుడు తెలియదు. ఆఖరి సీజను. అందులో మంచివి కూడా నువ్వు నాకు లేకుండా చేశావు."

ఆవిడ మనసు నొప్పించకూడదనే అన్నాను ఇన్నాళ్లూ. ఆవిడకు మిగలాల్సింది నేనే తీసుకున్నానని ఒక్కసారి కూడా తట్టలేదు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను. ఆవిడ అడిగింది మర్యాద కాదని ఇప్పుడు తెలిసింది.

"వేయండి ఆంటీ," అన్నాను. "ఈసారి చెబుతాను."

వేసింది. నేలకు తగిలింది. "కింద పడింది," అన్నాను. మళ్లీ వేసింది. "పక్కకు పోయింది." ఇంకోటి. "బలం లేదు." ఆవిడ ప్రతి మాటకూ తలూపుతూ, నిలబడే చోటు సర్దుకుంటూ, మళ్లీ వేసింది. బంతి తెచ్చివ్వడానికి నేను పరిగెత్తుతూనే ఉన్నాను. చినుకులు మొదలయ్యాయి. ఇక చాలంటుందేమో అనుకున్నాను, ఆవిడ అనలేదు. అప్పుడొకటి వచ్చింది. చెయ్యి తిరిగినప్పుడే తెలిసింది నాకు. గ్లౌలో పడిన చప్పుడుకు చెట్టు మీది పిట్టలు లేచాయి. అరచెయ్యి భగ్గుమంది, నువ్వు వేసినప్పుడు మండేది చూడు, అట్లా.

"ఇది బాగుంది," అన్నాను.

ఆవిడ కదలకుండా నా ముఖంలోకి చూసింది. నమ్మింది. తడి చెంపలతో నవ్వి, "ఇక చాలు," అని బంతి నా దగ్గరే ఉంచేసి వెళ్లిపోయింది. ఇక వేయదు. ఆ బంతి ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది.

ఇదీ ఇక్కడి సంగతి. ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను.

నువ్వు నాకు ఎన్నేళ్లుగానో బాగుండాను అనే చెబుతున్నావు. అమ్మ పోయినప్పుడు కూడా నాతో ఫోనులో అదే అన్నావు. అవన్నీ నేను నమ్మాను, నమ్మడం సులువు కాబట్టి. వాటిలో ఏవి నిజమో ఇప్పుడు నాకూ తెలియడం లేదు. దూరంగా ఉంది, కంగారుపడుతుందని దాస్తున్నావని తెలుసు. కంగారుపడతాను. పడనీ. డాక్టరు ఏమన్నాడో, ఎక్కడ నొప్పో, రిపోర్టుల్లో ఏముందో, రాత్రి నిద్ర పడుతోందో లేదో, నీకు భయంగా ఉందో లేదో, అన్నీ రాయి. బావను అడగను, నువ్వే రాయి. రమ్మంటే వస్తాను, షాపులో సెలవు గురించి ఇప్పటికే అడిగి ఉంచాను. వద్దంటే ఎందుకు వద్దో రాయి. నిజంగానే ఏమీ లేకపోతే అదీ రాయి. నీ చేత్తో రాస్తే నమ్ముతాను.

వీలైతే పిన్ని చేత కాస్త నువ్వుల పొడి కొట్టించి ఉంచు, వస్తే తెచ్చుకుంటాను. బావకు నమస్కారాలు, నోరు జారినందుకు ఆయన్ని ఏమీ అనకు. పిల్లలకు నా ముద్దులు. పిన్నికి, బాబాయికి మా ముగ్గురి నమస్కారాలు చెప్పి, మా తరఫున కాళ్లకు మొక్కు. మీ స్కూల్లో నువ్వు ఆట నేర్పే ఆడపిల్లలకు ఇక్కడ ఒక క్యాచర్ అడిగానందని చెప్పు.

మన గ్రౌండులో నీ బంతి ఎటు పోతుందో నీకే తెలియని రోజులు కూడా ఉండేవి. నేను ఒక్కటీ వదల్లేదు. నువ్వు ఎలా వేసినా సరే, వెయ్యక్కా. గ్లౌ తొడుక్కునే కూర్చున్నాను.

నీ ఆశీస్సులు కోరుతూ,
నీ చెల్లెలు
శైలజ