గరిటె పక్కన పిల్లి

ఆగస్టు 19, మంగళవారం

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ పిల్లీ క్షేమం. నీ కుట్లు మానుతున్నాయనీ, లేచి నాలుగడుగులు వేస్తున్నావనీ బావ చెప్పాడు. ఎదురుగా వచ్చి ఎలా ఉన్నావని అడిగే మొహం లేక ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న బావ బుట్టలో పిల్లితో మా గుమ్మంలో నిలబడ్డాడు. మనిద్దరికీ మాటల్లేవని తెలిసీ వచ్చాడంటే పాపం ఎంత దిక్కుతోచక వచ్చాడో. షుగర్ జబ్బున్న పిల్లి, పొద్దునా సాయంత్రం ఇంజక్షన్ వెయ్యాలి, సూది చూస్తేనే నాకు చెమటలమ్మా అన్నాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు నీ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారట. పిల్లిని చూసుకునే మనిషి దొరక్క నువ్వే వాయిదా వేసుకున్నావట. డబ్బు తీసుకుని పిల్లుల్నీ కుక్కల్నీ చూసుకునే పెట్ సిట్టర్‌ని ఎవరినో అడిగితే, నిన్ను దొంగను చేసి నలుగురిలో పరువు తీసిందట. ఆ తర్వాత వంటింట్లో నొప్పితో పడిపోతే పక్కింటివాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళారట, అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారట. ఆ మహాతల్లి ఎవరో గానీ, అని బావ తిట్టబోతుంటే పిల్లి అరిచింది, ఆగిపోయాడు.

ఆ మహాతల్లిని నేనేనే అక్కా.

ఈ పనిలో కొత్తవాళ్ళని బురిడీ కొట్టించేవాళ్ళు ఎక్కువ. మొదటి నెలలోనే ఒకడు అసలు లేని కుక్కకి నన్ను కాపలా పెట్టాడు. పొరపాటున డబ్బు ఎక్కువ పంపానని చెప్పి, వాడు పంపని డబ్బుని నా చేత తిరిగి కట్టించుకున్నాడు. అప్పుడు మా సిట్టర్ల గ్రూపులో సీనియర్లు గడ్డి పెట్టారు. ఫోన్‌లో మాట్లాడనన్నా, తాళం ఇంకెవరి దగ్గరో ఉందన్నా, అడిగినదానికంటే ఎక్కువిస్తానన్నా నమ్మొద్దన్నారు. జాలి కథ చెప్పి తొందరపెడితే అసలే వద్దన్నారు.

నీ మెసేజ్‌లో ఇవన్నీ ఉన్నాయి. పేరు ఎవరిదో, నంబరు కొత్తది. ఫోన్ చేస్తానంటే గొంతు బాగాలేదన్నావు. తాళం పక్కింట్లో ఉందన్నావు. రెట్టింపు ఇస్తానన్నావు. నేనూ మా వాళ్ళు నేర్పిన పరీక్షే పెట్టాను. ఎక్కడో ఎత్తుకొచ్చిన బొమ్మ కాదని తేలాలంటే, వంటింట్లోంచి ఒక గరిటె తెచ్చి పిల్లి పక్కన పెట్టి ఫొటో తీసి పంపమన్నాను. పంపావు. అదీ దొంగ ఫొటోనే అనుకుని, ఈ నాటకాలు నా దగ్గర కాదని, నలుగురికీ చూపిస్తానని రాసి, నీ మెసేజ్‌లన్నీ గ్రూపులో పెట్టాను. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

నువ్వు పేరెందుకు దాచావో ఇప్పుడు తెలుస్తోంది. పిన్ని ఇంట్లో అందరి ముందూ నన్ను 'పిల్లుల ఆయా' అన్నావు కదా. ఆ ఆయానే పిలవాల్సి వచ్చేసరికి నీకు ప్రాణం మీదికి వచ్చుంటుంది. అందుకు రోషం తెచ్చుకుని ఏడాది పైగా నీ గడప తొక్కనిదాన్ని, నాకు తెలీదా ఆ బాధ.

పిల్లి మహా గడుసుది. సూది వేయించుకుని, నా వైపు వీపు తిప్పుకుని కూర్చుంటోంది. పోనీలే, దానికి తెలిసే ఉంటుంది. తప్పు నాదేనని గ్రూపులో రాశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నువ్వు కోలుకుని ఇంటికొచ్చేదాకా అది నా దగ్గరే ఉంటుంది. నువ్వు కంగారుపడకుండా మందులు వేసుకో.

తలెత్తుకోలేని
నీ చెల్లెలు

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. పైన ఒక అబద్ధం రాశాను. ఆ ఫొటో దొంగదని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అందులో ఉన్నది అమ్మ గరిటె. కాడ ఊడిపోతే నాన్న రాగితీగ చుట్టి బిగించిన గరిటె. మనిద్దరి వీపులూ దాన్ని మర్చిపోతాయా? చూడగానే నువ్వేనని తెలిసిపోయింది. పేరు చెప్పి, చెల్లీ, కాస్త రావే అని నోరు తెరిచి అడిగేదాకా నిన్ను ఏడిపిద్దామనుకున్నాను. ఆపరేషన్ ఉందని ఆ మెసేజ్‌లోనే రాశావు. అదీ చదివాను.