నీళ్ల పంపుకి అట్టముక్క

పాత స్పోర్ట్స్ కార్ల క్లబ్బు కార్యదర్శి విన్‌స్టాన్లీ గారికి,

నిన్న ప్రదర్శనలో మీరు నా కారు బానెట్ ఎత్తి, "ఇదేంటమ్మా, గ్యాస్కెట్ బదులు కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట పెట్టావా?" అని అందరూ వినేలా నవ్వి, పోటీలోంచి తీసేశారు. క్షమాపణ రాసిమ్మన్నారు. రాయను.

నీళ్లు కారకుండా ఇంజనుకీ నీళ్ల పంపుకీ మధ్య బిగించే ఆ గ్యాస్కెట్ అసలుది చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. నీళ్ల పంపు మూతి మీద అట్ట పరిచి, అంచు వెంట సుత్తితో తడుతూ పోతే సరిగ్గా ఆ ఆకారంలో తెగుతుంది. మా నాన్న అలాగే చేసేవాడు. దాంతోనే వానలో కొండ దాటి వచ్చాను, చుక్క కారలేదు.

అసలు గ్యాస్కెట్ ఉన్న మీ కారు ట్రెయిలర్ ఎక్కి వచ్చింది. స్టార్ట్ చేయమంటే "వద్దులెండి, నీళ్లు కారతాయి" అన్నారు.

మీ పంపు విప్పి మా షెడ్డుకి తీసుకురండి. ఆ డబ్బా అట్ట ఇంకా సగం మిగిలే ఉంది.