మహారాణికి మొండి వేర్లు

జూన్ 4

నలభై ఒక్క శాతం. మూడేళ్ళ చాకిరీకి నాకు వచ్చిన మార్కు ఇది. తొంభై రావాలి. ఎనభై వచ్చినా సర్దుకునేదాన్ని.

కోపం చల్లారాలంటే మొదటినుంచి రాసుకోవాలి. మా మొక్క కీళ్ళవాపుకి మందు. ఆ మందు పదార్థం ఉండేది వేర్లలో. వేర్లు తవ్వితే మొక్క చస్తుంది, అలా తవ్వీ తవ్వీ అడవిలో పిడికెడు మిగిల్చారు. మొక్క ఏ జన్యువులతో ఆ పదార్థాన్ని తయారు చేసుకుంటుందో పట్టుకుంటే, తవ్వే పని లేకుండా ల్యాబ్‌లోనే చేసుకోవచ్చు. నా థీసిస్ అదే. మొదటి ఏడాది ఆకులోంచి డీఎన్‌ఏ తీసి జీనోమ్ మొత్తం చదివాం. ఇప్పుడు వేరులోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి ఆ జీనోమ్‌తో సరిపోల్చాం. అదే మొక్క ఆకు, అదే మొక్క వేరు. సరిపోయి తీరాలి. సగం కూడా సరిపోలేదు.

మేడమ్ రిజల్ట్ చూసి గొంతు పెంచలేదు. ట్యూబులు ఎక్కడ మార్చావో వెతుక్కో అన్నారు. నా గైడ్‌గా ఆవిడ ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు, ఈ రోజు కూడా తిట్టి ఉంటే బాగుండేది. ఆగస్టు 31లోపు థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. ఒక ఎక్స్‌టెన్షన్ అయిపోయింది. రెండోది కావాలంటే కమిటీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడాలి, అదీ చేతిలో ఏదో ఒక ఫలితం ఉంటేనే.

జూన్ 6

ల్యాబ్ నోట్‌బుక్కులు నాలుగూ తిరగేశాను. నావి కోడిగీతలే, ఒప్పుకుంటాను, కానీ లేబుళ్ళలో తప్పు లేదు. రెండో నోట్‌బుక్కులో రెండు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటిని గబగబా తిప్పేశాను.

జూన్ 9

ఏమీ దొరకలేదు. ఈయన మీద అరిచాను. పాపం, ఏమీ చేయనందుకు.

జూన్ 12

చేతులకు మట్టి పోలేదు, అలాగే రాస్తున్నాను.

గ్రీన్‌హౌస్‌లో మా మొక్కలు పన్నెండు. నేను పెట్టిన పేరు మహారాణి. నీళ్ళెక్కువైతే అలక, తక్కువైతే అలక, కాస్త ఎండ తగిలితే తల వాల్చేస్తుంది. వాటిని సాకేది తోటమాలి బాబాయ్. నాకు వేర్లు కావాలంటే మొక్క చావకుండా ఆయనే పక్కనుంచి నాలుగు పోగులు తవ్వి, కడిగి, ట్రేలో పెట్టి ఇస్తాడు. నన్ను కుండీలో చెయ్యి పెట్టనివ్వడు. గోళ్ళు పాడవుతాయంటాడు. ఇన్నాళ్ళూ అది నా మీద ముద్దు అనుకున్నాను.

ఈ రోజు బాబాయ్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఎవరి చేతులూ తగలకుండా కొత్త శాంపిల్ నేనే తీద్దామని ఒక కుండీని గోనెపట్టా మీద బోర్లించాను. మట్టి రాలింది. కాండం మట్టిలోకి దిగాక రెండు అంగుళాల లోతులో ఒక ముడి. ముడికి పైన కాండం నున్నగా, ఊదారంగులో ఉంది. కింద గరుకుగా, పచ్చగా ఉంది. రెండో కుండీ తీశాను. అదే ముడి. నడుం పడిపోతున్నా పన్నెండూ తీశాను.

ముడి కింద ఉన్నది మహారాణి కాదు. కంచె వెంట పిచ్చిగా పెరిగే దాని చుట్టం. పీకినా, తొక్కినా మళ్ళీ లేస్తుందని దాన్ని మేం మొండిది అంటాం. దాన్ని పరీక్ష చేసిన పాపాన ఎవరూ పోలేదు. ఎవరో మొండిదాని వేర్ల మీద మహారాణి తల పెట్టి అంటు కట్టారు. ఎవరో ఏమిటి, ఇక్కడ అంటు కట్టడం వచ్చిన మనిషి ఒక్కడే.

ట్యూబులు మారలేదు. ఇన్నాళ్ళూ నేను ఒకదాని ఆకునీ ఇంకోదాని వేరునీ పక్కపక్కన పెట్టి, ఎందుకు కలవవని ఏడుస్తున్నాను.

జూన్ 13

నేను అన్న మాటలు రాయడానికి చెయ్యి రావడం లేదు. అనడానికి నోరు వచ్చింది కదా, రాయాల్సిందే. నా మూడేళ్ళు మట్టిపాలు చేశావన్నాను. తెలియని విషయాల్లో నీకెందుకు అన్నాను. మా నాన్న వయసు మనిషి. కొత్త పళ్ళసెట్టు ఇంకా కుదరక, నోరు సగం తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

వేరుకుళ్ళు పట్టుకుందట. పన్నెండింటికీ పట్టిందట. మొండిదానికి ఆ కుళ్ళు రాదు కాబట్టి, ఇంకా పచ్చగా ఉన్న తలలు కోసి దాని వేర్ల మీద కట్టాడట. ముడి పైనుంచి కొత్త వేర్లు రాకుండా వారానికోసారి గిల్లుతున్నాడట. ఇదంతా ఎప్పుడు అని అడిగాను. నువ్వు సెలవులో ఉన్నప్పుడు అన్నాడు. తిరిగొచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగాను. నీళ్ళ పైపు చుట్టుకుంటూ అటు వెళ్ళిపోయాడు.

జూన్ 14

బాబాయ్ పనికి రాలేదు.

జూన్ 16

ఈ రోజు వచ్చాడు. ట్రేలు తుడుస్తూ, నా మొహం చూడకుండా అన్నాడు.

“ఖాళీ చేతులతో తిరిగొచ్చిన పిల్లవి. నీకు ఖాళీ కుండీలు ఎలా చూపించమంటావమ్మా?”

ఐదో నెలలో పోయింది. ఆడపిల్ల. ఈ డైరీలో ఆ మాట రాయడం ఇదే మొదటిసారి.

రెండు నెలల సెలవు తర్వాత ల్యాబ్‌కి వచ్చిన రోజు అందరూ నాతో వాన గురించి మాట్లాడారు. అందరికీ తెలుసు, ఎవరికీ ఏమనాలో తెలియదు. నేను తిన్నగా గ్రీన్‌హౌస్‌కి పోయాను. పన్నెండు మొక్కలూ నవనవలాడుతున్నాయి. వీటినైనా నిలుపుకున్నాను అనుకుని అక్కడే కూలబడి భోరుమన్నాను. అప్పుడు బాబాయ్ పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత ఏ నోటితో చెబుతాడు?

ఈ రోజు కూడా ఏడ్చాను. తప్పయింది బాబాయ్ అన్నాను. ముందు ముక్కు తుడుచుకోమన్నాడు.

జూన్ 17

ఇద్దరం కలిసి ముడులన్నిటి మీదా మళ్ళీ మట్టి కప్పేశాం. ఇప్పటికి తెలిసింది మా ఇద్దరికే. ట్యూబులు నేనే మార్చానని మేడమ్ దగ్గర ఒప్పుకుంటే సరి. నా థీసిస్ ఎలాగూ పోయింది. బాబాయ్‌ది ఏడాదికోసారి రెన్యూ చేసే ఉద్యోగం, అదైనా మిగులుతుంది. రేపు వెళ్ళి చెప్పేస్తాను.

జూన్ 18, ఉదయం 6

చెప్పను. ఇంకా చెప్పను.

నిన్న సాయంత్రం ఈయన గిన్నెలు తోముతుంటే, నేను తుడుస్తూ జరిగిందంతా చెప్పాను. ఈయన లెక్కల మాస్టారు. మొక్కల్లో ఓనమాలు తెలియవు. అంతా విని, చేతిలో గిన్నె పక్కన పెట్టి అడిగారు.

“వేరు దానిది కానప్పుడు, ఆ వేర్లో మందు ఎక్కణ్ణించి వచ్చింది?”

నాకు బుర్ర తిరిగిపోయింది. ఆ వేర్లలో మందు కొలిచింది నేనే. కొలిచిన ప్రతిసారీ ఉంది. అయితే మొండిదే స్వయంగా తయారు చేస్తూ ఉండాలి, లేదా పైనున్న ఆకు తయారు చేసి కిందికి పంపుతూ ఉండాలి. మూడో దారి లేదు. కంచె వెంట అంటు లేని మొండి మొక్కలు బోలెడున్నాయి. వాటి వేరు ఒక్కటి మిషన్‌లో పెడితే తేలిపోతుంది. ఇంత చిన్న ప్రశ్న నాకెందుకు తట్టలేదంటే, ఏడుపులో మునిగి ఉన్నాను కాబట్టి.

ఏడింటి బస్సు అందుకోవాలి.

జూన్ 20

సున్నా.

మొండిదాని సొంత వేర్లో మందు లేదు. గ్రాఫ్ మీద గీత చాప పరిచినట్టు పడుకుంది. మూడు మొక్కలు చూశాను. సున్నా, సున్నా, సున్నా. జీవితంలో సున్నాకి ఇంత సంతోషించింది లేదు.

అంటే మందు వండేది ఆకు. వేరు దాన్ని దాచే కొట్టుగది. నేనూ, నాకు ముందు థీసిస్‌లు రాసిన నలుగురూ కొట్టుగదిలో కూర్చుని పొయ్యి ఎక్కడుందని వెతికాం.

జూన్ 21

మేడమ్‌కి మొత్తం చెప్పాను. ముడి, కుళ్ళు, సున్నా. బాబాయ్ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తర్వాత బాబాయ్‌ని పిలిపించమన్నారు.

బాబాయ్ గ్రీన్‌హౌస్ తాళాలగుత్తి పట్టుకుని వచ్చాడు. షెడ్డు తాళం, సైకిల్ స్టాండ్ తాళం కూడా దానికే తగిలించి, గుత్తిని టేబుల్ మీద పెట్టి నిలబడ్డాడు. ఉద్యోగం పోయిందనే అనుకుని వచ్చినట్టున్నాడు. మేడమ్ ఆ గుత్తిని ఆయన వైపే తోసి, కూర్చోమన్నారు. ఇంకో ఇరవై కట్టగలవా అని అడిగారు. పది ఇలాగే, పది తలకిందులుగా, కొమ్మ నాటి కొత్తగా తెప్పించిన మహారాణి వేర్ల మీద మొండిదాని తల. బాబాయ్ కుర్చీ అంచు మీద కూర్చుని ఆలోచించి, కట్టొచ్చుగానీ మహారాణి కింద ఉండటానికి ఒప్పుకోదేమో అన్నాడు. మేడమ్ నవ్వడం నేను చూశాను. బాబాయ్ తప్ప వేరే సాక్షి లేడు.

జులై 9

కమిటీ ఆరు నెలలు ఇచ్చింది. మేడమ్ లోపల గంటసేపు వాదించారట. బయటికొచ్చి నాతో అన్నది మాత్రం ‘ఇచ్చారు’ అని ఒక్క ముక్క.

సెప్టెంబర్ 2

తలకిందుల అంట్లు పదింటిలో నాలుగు పోయాయి. బాబాయ్ అన్నంతా అయింది. ఆరు నిలిచాయి, చాలు.

డిసెంబర్ 11

తలకిందుల మొక్కల్లో వేరు అచ్చంగా మహారాణిదే, అయినా మందు లేదు. పైన మహారాణి ఆకు ఉంటేనే కింద మందు. ఇక అనుమానం లేదు. ఆకు ఆర్‌ఎన్‌ఏ జీనోమ్‌తో తొంభై మూడు శాతం సరిపోయింది. మందు తయారీకి పనికొచ్చేలా కనిపిస్తున్న జన్యువులు ఆరు, అన్నీ లేతాకులోనే పని చేస్తున్నాయి. మూడేళ్ళు వేరులో వెతికినవి ఇవే.

పేపర్‌లో బాబాయ్ పేరు ఉండాల్సిందే, లేకపోతే సంతకం పెట్టనన్నారు మేడమ్. బాబాయ్ వద్దంటే వద్దన్నాడు. కాగితం మీద పేరు పడితే రెన్యూవల్ అప్పుడు ఎవరో ఒకరు అడ్డం వేస్తారని ఆయన భయం. ఇది ఫిర్యాదు కాగితం కాదని, ఇది గౌరవమని అరగంట నచ్చజెప్పాను. చివరికి సరేనన్నాడు. అప్పుడు పూర్తి పేరు ఏమిటని అడిగాను. ఇన్నేళ్ళలో అడగడం ఇదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 24

థీసిస్ ఇచ్చేశాను. గడువుకి నాలుగు రోజుల ముందు. నిద్ర.

ఏప్రిల్ 17

పాసయ్యాను. అది ముందు రాసేస్తున్నాను.

వైవాలో పరీక్షించడానికి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ గారికి అంటు ప్రయోగం తెగ నచ్చింది. ఈ ఆలోచన ఎలా వచ్చింది, మొదట అంటు ఎందుకు కట్టారు అని అడిగారు. ఆలోచన నాది కాదని చెప్పాను. మొదట ఎందుకు కట్టారో చెప్పబోయి వెనక్కి తిరిగాను. హాలంతా చూస్తోంది. చివరి వరుసలో బాబాయ్ లేచి నిలబడ్డాడు.

“మా అమ్మాయి ఏడుస్తుందని కట్టాను సార్.”

ఎవరూ నవ్వలేదు. ఎక్స్‌టర్నల్ గారు పెన్ను మూత తీసి, అది రాసుకున్నారు.