చెవి తిప్పిన గుర్రం

జెలీ అక్కా,

నేను కులాసా, అమ్మని బెంగపడొద్దను. వెర్సాయ్ లాయంలో అందరూ నా యాసని వెక్కిరిస్తారు. అందుకే నోరు మూసుకుని లద్ది ఎత్తుతున్నాను.

మొన్న ఒక చిత్రకారుడొచ్చి, ఊపిరి తగిలేంత దగ్గరగా కూర్చుని, మనవైపు నుంచి తెచ్చిన బూడిదరంగు గుర్రం ముఖం గీశాడు. అది బెదురుతుంటే, గుర్రాలకి నీళ్ళు తాగించేటప్పుడు నాన్న వేసే ఈల వేశాను. చటుక్కున నావైపు చెవి తిప్పి నిలబడిపోయింది.

"ఆపకోయ్, ఆ చెవి అలాగే కావాలి" అన్నాడాయన. పెదాలెండిపోయేదాకా వేశాను.

ఆవు ఈనిందా? ఉన్ని మేజోళ్ళు పంపించు. నాన్న దగ్గెలా ఉంది? పిల్లలకి ముద్దులు.

బొమ్మలో నేనెక్కడా లేను. అందులో గుర్రం ఎవరి ఈల వింటోందో నాన్నకి మాత్రం చెప్పు.

నీ తమ్ముడు
ఎవ్రార్